అంచు కింద

పాత కచేరీ కాళీ చేస్తున్నరని
ట్రాలీ ఆటోల ఏసుకొచ్చిండు యాకయ్య.
విరిగిన కుర్చీలు, తాళం లేని బీరువా, వాటి నడుమ
దుప్పట్ల సుట్టిన ఒక పెద్దమనిషి.
"కడిగి, కొత్త ఫ్రేము కట్టాలె సదానందం.
ఇరవై ఆరు లోపల్నే. మేడం గట్టిగ చెప్పింది."

హన్మకొండ చౌరస్త ఎనక సందుల నా దుకాణం.
ముప్పయ్యేండ్లుగ సచ్చిపోయినోళ్లకు అంచులు కడుతున్న.
పాస్‌పోర్టు ఫోటోను పెద్దగ చేపిచ్చి
దండకు మొల కొట్టిచ్చుడు నా పని.
ఆరడుగుల పటం నా బల్ల మీద
ఎన్నడు పండుకోలె.

ఇత్తడి రేకు మీద పేరు సగం అరిగింది.
"...యార్ జంగ్ బహద్దర్, సుబేదార్,
ఫసలీ పన్నెండు వందల తొంబై తొమ్మిది" అని
పక్క టైలరు లతీఫ్ సాబ్ కూడబలుక్కుంట సదివిండు.
చెరువులకు కట్టలు పోయిచ్చిండట, లతీఫ్ సాబ్ అంటడు.
శిస్తు కింద మా ముత్తాత ఎడ్లను తోలుకపోయింది
ఈన జమానల్నే, యాకయ్య అంటడు.
ఇద్దరు చాయ్ తాక్కుంట
నూటముప్పై ఏండ్ల కిందటి మనిషి మీద కొట్లాడుతుంటె
నేను ఉల్లిగడ్డ కోసిన.

నూనె బొమ్మకు ఉల్లిగడ్డే మందని మా నాయిన చెప్పిండు.
సగం చెక్కతోని సున్నలు సుట్టుడు, దూదితోని తుడుసుడు.
కండ్లల్లకెళ్లి బొటబొట నీళ్లు.
"దొర పోయినంక ఇన్నేండ్లకు
ఏడ్సెటోడు దొరికిండు," నవ్విండు యాకయ్య.

లాంతరు మసి, బీడీల పొగ, ఈగల రెట్ట
పొర మీద పొర పోతుంటె
ముందుగాల్ల చెంప తేలింది,
చెంప నిండ అమ్మవారి మచ్చలు.
ఒక్కటి గూడ ఇడిసిపెట్టలె గీసినోడు.
షేర్వానీకి మూడో గుండీ లేదు, దారం ఉన్నది.
సూపుడు వేలికి సిరా.
ఒక కన్ను అలిసింది. రెండోది
ఎదురుంగ ఉన్నోన్ని నమ్ముతలేదు.
కాకా పట్టెటోని కుంచె గాదిది.
పైసలు దీసుకొని ఉన్నదున్నట్టు గీసిండు,
పైసలిచ్చినోడు గూడ
ఉన్నదున్నట్టు గోడకు ఏలాడేసుకున్నడు.
గా ఒక్కదానికి మెచ్చుకోవాలె.

కానీ నుదుటి మీద నాలుగు ఎంటికలు
గాలికి లేసినట్టున్నయి.
కిటికీలు మూసే ఉన్నయి.
బల్ల మీద మామిడి ముక్కలు, అంటె ఎండాకాలం.
వరంగల్లు ఎండకు ఏడికెల్లి వచ్చింది గాలి?

పాత అంచు ఊడబీకిన.
మూడంగుళాల పెదవి దానికి.
పావంగుళం సాలు ఎంత పెద్ద పటానికైనా.
దాని కింద ఎండ తగలక, మసి అంటక
నిన్న పూసినట్టు పచ్చి రంగు:
పైకెల్లి దిగిన పంకా తాడు, బిర్రుగ.
తాడును గుంజుతున్న నాలుగు వేళ్లు.
గంతే. మణికట్టు కాడ గుడ్డ అయిపోయింది.

గోర్ల కింద మట్టి గూడ గీసిండు.
ఒరుసుకపోయిన కాడ కాయ గూడ.
ఆ పెదవి కొలత ఎవరు చెప్పిండ్రో,
సుబేదారో, ఆయన నాజరో,
నా లెక్కనే తొందరల ఉన్న ఒక వడ్లాయనో.
తెల్వదు.

కొట్లాట బందయింది.
యాకయ్య తన కుడి చెయ్యి తిప్పి సూసుకొని
జేబుల పెట్టుకున్నడు.
అప్పుడే కరెంటు పోయింది.
ముగ్గురం ఒక్కసారే పైకి సూసినం,
ఫ్యాను ఇంకో రెండు సుట్లు తిరిగి ఆగింది.

కొత్త అంచుకు పావంగుళమే కోసిన.

ఇరవై అయిదు పొద్దుగాల మేడం వచ్చింది.
"సన్నగ కనిపిస్తుంది గదా,
ఇసొంటి మనిషికి జర బరువుండాలె" అన్నది.
తర్వాత కండ్లద్దాలు పైకి జరిపి
ఎడమ మూలకు వంగి
చానా సేపు అట్లనే నిలబడ్డది.
ఏమనలె.
బిల్లడిగింది.

రాసిచ్చిన: టేకు కట్టె, మొలలు, వార్నిషు, కూలి,
ఉల్లిగడ్డలు రెండు కిలోలు.